పిల్లవాని ఆట, ఇంటివారి మాట

మన బంగారుపేట, కోలారు బంగారు గనుల ప్రాంతపు తెలుగు ఇళ్ళలో ఒక మాట తరచు వినబడుతుంది: "వీడికి ఏమో అయింది. మునుపు ఇట్లా ఉండేవాడు కాడు." ఏడేళ్ళ పిల్లవాడు, ఎప్పుడో మానిన పక్క తడిపే అలవాటును మళ్ళీ మొదలుపెడతాడు. ఆరేళ్ళ పిల్ల బడికి బయలుదేరే వేళకు కడుపునొప్పి అంటుంది. ఆదివారం నాడు మాత్రం ఆ నొప్పి జాడ ఉండదు. ఇంట్లో వసపిట్టలాగా వాగే బిడ్డ బడిలో పెదవి విప్పదు. అవ్వ దిష్టి తీస్తుంది, తల్లి తాయెత్తు కట్టిస్తుంది, తండ్రి వీపు మీద రెండు తగిలిస్తాడు. మొదటి రెంటి వలన వచ్చే నష్టమేమీ లేదు గాని, మూడవదానితో ఉన్న బాధ రెట్టింపవుతుంది.

పిల్లవాడికి ఏమయింది అని అడగటంతో ఆగక, ఆ ఇంట్లో ఏమి జరుగుతున్నది అని కూడా అడిగే వైద్యం ఒకటి ఉన్నది. దానిని కుటుంబ చికిత్స అంటారు. పిల్లవాడిని ప్రశ్నలతో వేధించక, వాడిని ఆడుకోనిచ్చి, ఆ ఆటలోనే వాడి బాధను తెలుసుకొని తీర్చజూచే వైద్యం మరొకటి. అది ఆట చికిత్స. ఆస్పత్రులలో ఫ్యామిలీ థెరపీ, ప్లే థెరపీ అనే పేర్లే వ్యవహారంలో ఉన్నవి. ఇదంతా దూరదేశపు సంగతి అని పుట తిప్పేసే ముందు పాఠకులు మన రైల్వే జంక్షనును ఒకసారి తలచుకోవాలి.

బౌరింగు దొర పేర బౌరింగుపేటగా పుట్టి జనం నోట బంగారుపేట అయిన మన ఊళ్ళో, పడమటికి పోయే బండి ఎక్కితే సుమారు 70 కిలోమీటర్లలో బెంగుళూరు. అక్కడ నిమ్హాన్సు ఉన్నది. 1954లో అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థగా మొదలై, 1974లో పాత మానసిక వైద్యశాలతో కలిసి ఈ పేరు పొందిన సంస్థ అది. తూర్పుకు పోయే బండి ఎక్కితే జోలారుపేట మీదుగా కాట్పాడి. దాని పక్కనే వేలూరు, అక్కడ క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వారి మానసిక ఆరోగ్య కేంద్రం. మానసిక వైద్యంలో ఇంటివారిని కూడా చేర్చుకొనే పద్ధతికి మన దేశంలో దారి వేసిన చోట్లలో ఈ రెండూ ముఖ్యమైనవి. అంటే మనము ఆ దారికి సరిగ్గా నడుమ కాపురమున్నాము. అయినా మనలో ఎందరికి ఈ సంగతి తెలుసును?

ఆ దారి ఎట్లా పడ్డదో చెప్పుకోదగిన కథే. 1950లలో అమృతసరు మానసిక వైద్యశాలలో విద్యాసాగర్ అనే వైద్యుడు రోగుల బంధువులను ఆస్పత్రి ఆవరణలోనే డేరాలు వేయించి ఉంచాడు. రోగితోపాటు తల్లి, అన్న, భార్య అక్కడే వండుకొని తిని, వైద్యుడు చెప్పేది విని, బాగయిన మనిషిని వెంటబెట్టుకొని ఇంటికి పోయేవారు. వేలూరులో ఆ దశాబ్దం చివర వెలసిన కేంద్రంలో రోగితో ఇంటి మనిషి ఒకరు ఉండటమన్నది నియమమే అయినది. 1970లలో బెంగుళూరులో కుటుంబ చికిత్సకే వేరుగా ఒక విభాగం ఏర్పడినది. అమెరికాలో మర్రే బోవెన్ అనే వైద్యుడు 1954 తరువాత రోగుల కుటుంబాలను ఆస్పత్రిలోనే నివాసముంచి పరిశీలించి, పెద్ద సిద్ధాంతం నిర్మించాడు. మనవారు చాప చంకన పెట్టుకొని, కారియరు చేతపట్టుకొని రోగి పక్కన చేరటం అనాదిగా చేస్తున్న పనే. దానిని అడ్డుగా కాక, వైద్యానికి బలంగా చూడటంలోనే ఆ వైద్యుల గొప్పతనం ఉన్నది.

ఇక మన ప్రాంతపు సంగతి. 1880లో జాన్ టేలర్ కంపెనీవారు వచ్చిన నాటి నుండి 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడిన నాటి వరకు, ఇక్కడి ఇళ్ళకు గని షిఫ్టులే గడియారం. మూడు కిలోమీటర్ల లోతు దాటిన గనిలో రాయి పేలితే పైన లైన్లలో పాత్రలు కదిలేవి; ఆడవారి గుండెలు కదిలేవి. ఆ భయం చిన్నది కాదు. అయినా, నాయన ఏ షిఫ్టులో ఉన్నాడో, ఏ వేళకు వస్తాడో పిల్లలకు తెలుసు. పక్కింటి నాయనా ఆ వేళకే వచ్చేవాడు. భయమైనా పదిమందిది కలిపి ఒకటిగా ఉండేది.

గని మూతపడిన తరువాత వేలాదిమందికి బెంగుళూరు బండే గతి అయినది. తెల్లవారక ముందే బయలుదేరి, చీకటి పడిన ఎంతసేపటికో దిగే తండ్రులున్నారు. ఈ నడుమ తల్లులూ ఉన్నారు. వారంలో ఆరు రోజులు గోడ మీది పటంలాగా, ఏడవ రోజు పోలీసులాగా కనబడే తండ్రిని బిడ్డ ఏమని అర్థం చేసుకుంటాడు? పొట్టకూటికి పోయే మనిషిని తప్పు పట్టటానికి మేము ఈ మాట అనటం లేదు. ఎవరి తప్పూ లేకుండానే ఇంట్లో ఒక ముడి పడుతుందని మాత్రమే చెప్పదలచినాము.

ఒక ఇంటిని ఊహించుకుందాం. ఏ ఒక్కరి ఇల్లూ కాదు. చదువరులు ఎవరినీ వెతకవద్దు. గనిలో పనిచేసి ఇంటిపట్టున ఉన్న తాత, అవ్వ, బెంగుళూరు పోయి వచ్చే నాయన, ఇల్లు చూసుకొనే అమ్మ, ఏడేళ్ళ కొడుకు, మూడేళ్ళ కూతురు. కొడుకు ఆరు నెలలుగా పక్క తడుపుతున్నాడు, చెల్లెలిని గిల్లుతున్నాడు, బడిలో కునికిపాట్లు పడుతున్నాడు. మొదట పిల్లల డాక్టరు మూత్రం పరీక్ష చేయించి, చక్కెర జబ్బు లేదనీ, మూత్రంలో దోషం లేదనీ తేల్చాలి. ఈ మెట్టును దాటవేయకూడదు. దేహంలో జబ్బును పెట్టుకొని మనసుకు వైద్యం చేయటం అన్యాయం. ఆ పరీక్షలన్నీ సరిగా ఉంటే, అప్పుడు మనస్తత్వ నిపుణురాలి గది తలుపు తట్టాలి.

ఆ గదిలో ఏముంటుందంటే, ఒక పళ్ళెంలో ఇసుక ఉంటుంది. చిన్న ఇల్లు, అందులో అమ్మ, నాయన, అవ్వ, తాత, పిల్లలు అనదగిన బొమ్మలుంటవి. పులి, పాము, ఆవు, రైలు, డాక్టరు పెట్టె, బంకమన్ను, రంగు పెన్సిళ్ళు, చేతికి తొడుక్కొనే బొమ్మలు ఉంటవి. వెలగల ఆటసామాను అక్కరలేదు. మీట నొక్కితే తనంత తానే ఆడే బొమ్మ అసలు పనికిరాదు. పిల్లవాడు ఆడాలి గాని బొమ్మ ఆడితే లాభమేమి?

ఇసుక పళ్ళెం లండనులో మార్గరెట్ లోవెన్‌ఫెల్డ్ అనే పిల్లల వైద్యురాలి చేతిలో 1920ల చివర చికిత్సా సాధనమయింది. నవలాకారుడు హెచ్.జి. వెల్సు తన బిడ్డలతో నేల మీద ఆడిన ఆటలను గూర్చి 1911లో వ్రాసిన చిన్న పుస్తకం ఆమెకు ప్రేరణ. అమెరికాలో వర్జీనియా ఆక్స్‌లైన్ 1947లో ఆట చికిత్స అనే గ్రంథం ప్రకటించి, పెద్దలు పాటించవలసిన పద్ధతులు చెప్పింది. వాటి సారం ఇంతే: పిల్లవాడు ఎట్లా ఉన్నాడో అట్లాగే వాడిని ఒప్పుకోవాలి, దారి వాడు చూపితే మనము వెనుక నడవాలి, తొందరపెట్టరాదు, తనను గాని ఇతరులను గాని కొట్టరాదు, గది సామాను పగలగొట్టరాదు అనే కొద్దిపాటి హద్దులు మాత్రం గట్టిగా ఉంచాలి. వినటానికి సులువు. మన పెద్దలలో ఎవరైనా పది నిమిషాలు "అట్లా కాదురా, ఇట్లా పెట్టు" అనకుండా పిల్లవాని పక్కన కూర్చొని చూడండి, ఎంత కష్టమో తెలుస్తుంది.

మనకు గుజ్జనగూళ్ళు లేవా, లక్కపిడతలు లేవా, బొమ్మల పెళ్ళిళ్ళు లేవా అని పాఠకులు అడగవచ్చు. ఉన్నవి. లక్కపిడతలో లేని అన్నం వండి, "తినకపోతే మీ నాయనకు చెపుతా" అని బొమ్మను బెదిరించే పిల్ల, తాను పగలంతా విన్నదే రాత్రి ఆడుతున్నది. పిల్లలకు తమదైన ఒక భాష ఉంటుందని గుర్తించినవారు మన తెలుగువారిలోనూ ఉన్నారు. 1940లో ఆంధ్ర బాలానంద సంఘాన్ని స్థాపించిన న్యాపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు, రేడియో అన్నయ్య, అక్కయ్య అంటే తెలియని ఇల్లు ఒకప్పుడు తక్కువ, పిల్లల చేతనే మాట్లాడించి, పాడించి, ఆడించారు. అది వైద్యం కాదు, వినోదమే. కాని పిల్లవాడి మాటకు పెద్దవాడు చెవి ఒగ్గటమన్న మూలసూత్రం రెంటికీ ఒక్కటే.

మన పిల్లలకు ఈ ఆట మరీ ముఖ్యమవటానికి ఒక ప్రత్యేక కారణం ఉన్నది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, గనుల పక్క అరవం, బడిలో ఇంగ్లీషు. నాలుగు భాషలలోనూ బతకగల మన బిడ్డకు, "నాకు భయంగా ఉన్నది" అని ఏ భాషలో చెప్పాలో తోచదు. ఇసుకకు, బొమ్మకు వ్యాకరణం లేదు.

మన ఊహలోని పిల్లవాడు మొదటి వారం ఏమీ ముట్టుకోడు. రెండవ వారం నాయన బొమ్మను ఇసుకలో పూడ్చిపెడతాడు, మళ్ళీ తవ్వి తీస్తాడు, మళ్ళీ పూడుస్తాడు. తాత చెప్పిన గని కథలు వినీ వినీ ఇట్లా ఆడుతున్నాడని ఎవరైనా అనుకుంటారు. నిపుణురాలు ఏమీ అనుకోదు. "ఆ బొమ్మ కనబడకుండా పోయింది" అని చూసినదే పలుకుతుంది. "రైలుకు పోయింది" అంటాడు వాడు. మరుసటి వారం రైలు వస్తుంది, బొమ్మ దిగదు. మరొక వారం చిన్న బొమ్మ ఒకటి వాకిట్లో నిద్రపోకుండా కూర్చుంటుంది. "అది ఎవరి కోసమో చూస్తున్నది" అంటుంది ఆమె. "నిద్రపోతే రాడు" అంటాడు వాడు.

ఈ మాటలను ఆమె పరుగున పోయి తల్లికి చేరవేయదు. గదిలో ఆడినది పిల్లవాని సొంతం. పెద్దలకు చెప్పవలసినది సారాంశంగా మాత్రమే చెపుతుంది. "వాడు ఏమన్నాడు, మా మీద ఏమి చెప్పాడు" అని అడిగే తల్లిదండ్రులకు ఇది మింగుడు పడదు. కాని ఆ నమ్మకం చెడితే ఆట ఆగిపోతుంది.

ఇక ఇంటిల్లిపాదీ కలిసి కూర్చొనే రోజు. కుర్చీలు వేసి ఉంటవి, ఎవరు ఎక్కడ కూర్చోవాలో చెప్పరు. తాత తలుపు దగ్గర కూర్చుంటాడు, నాయన దూరంగా, అమ్మా అవ్వా చెరొక పక్క, నడుమ పిల్లవాడు. సగం సంగతి అప్పుడే తెలిసిపోతుంది. పిల్లవాడిని అడిగిన ప్రశ్నకు అవ్వ జవాబు చెపుతుంది. ఆమెను నోరు మూయించరు, "అవ్వా, మీకు వాడి మనసు బాగా తెలుసు. వాడు ఎట్లా చెపుతాడో కూడా ఒకసారి విందాం" అంటారు. తరువాత వేసే ప్రశ్నలు తమాషాగా ఉంటవి. "వీడు పక్క తడిపిన ఉదయం ముందుగా ఎవరికి కోపం వస్తుంది? అప్పుడు అవ్వ ఏమి చేస్తుంది? అవ్వ అట్లా చేస్తే అమ్మ ఎవరితో మాట్లాడటం మానేస్తుంది?" ఒకరి పని మరొకరి పనిని ఎట్లా లాగుతుందో, గొలుసులో లంకెలు ఒక్కొక్కటిగా బయటపడతవి. ఎవరు దోషి అన్న ప్రశ్న మెల్లగా పక్కకు జరుగుతుంది.

అట్లా లాగగా లాగగా, ఆరు నెలల కింద అప్పుల విషయమై ఒక రాత్రి జరిగిన తగవు బయటికి వస్తుంది. ఆ రాత్రి నాయన, "ఏదో ఒకరోజు ఈ ఊళ్ళో బండి దిగకుండానే పోతాను, అప్పుడు తెలుస్తుంది మీకు" అన్నాడు. అన్నవాడు మరచిపోయినాడు. విన్న భార్య ఏడ్చి ఊరుకున్నది. దుప్పటి కింద మేలుకొని ఉన్నవాడు మరచిపోలేదు. ఆనాటి నుండి ప్రతి రాత్రి నాయన చెప్పుల చప్పుడు వినబడేదాకా కళ్ళు మూయడు. వినబడగానే ఒళ్ళు తెలియని నిద్ర పడుతుంది. ఆ నిద్రలోనే పక్క తడుస్తుంది. పొద్దున బడిలో కునుకు. చెల్లెలికి ఏ చింతా లేదు గనుక దానిమీద కసి.

"కోపంలో అన్న మాట రా అది" అంటాడు నాయన. పెద్దవారికి కోపపు మాట వేరు, నిజపు మాట వేరు అని ఏడేళ్ళవాడికి ఎవరు చెప్పారు?

చికిత్స ఇక్కడ ముగియదు, ఇక్కడ మొదలవుతుంది. రోజూ మధ్యాహ్నం ఒక నిమిషం నాయన ఇంటికి ఫోను చేసి ఏ బండికి వస్తున్నాడో కొడుకుకే చెప్పాలి. బండి ఆలస్యమైతే అదీ చెప్పాలి. డబ్బు మాటలు పిల్లలు మేలుకొని ఉండగా వద్దు. పక్క తడిసిన సంగతి అవ్వ వీధిలో చెప్పరాదు. ఇట్లాంటి చిన్న పనులు అప్పగించి, రెండు వారాల తరువాత ఏది జరిగింది, ఏది జరగలేదు అని అడుగుతారు. జరగని పనినిబట్టి మరొక ముడి కనబడుతుంది.

సాల్వడార్ మినూచిన్ అనే ఆయన 1960లలో, 70లలో అమెరికాలో ఈ విద్యకు గొప్ప పేరు తెచ్చాడు. తల్లిదండ్రులకూ బిడ్డలకూ నడుమ ఒక గట్టు ఉండాలని, ఆ గట్టు తెగితే పిల్లవాడు పెద్దల బరువు మోస్తాడని ఆయన చెప్పినది మన ఇళ్ళకూ వర్తిస్తుంది. కాని భార్యాభర్తలు, పిల్లలు ఉన్న ఇంటి కొలతలను మన ఉమ్మడి ఇంటికి పెడితే, అవ్వ మాట పెట్టటమే జబ్బుగా కనబడుతుంది. ఇది మేము ఒప్పుకోము. తల్లిదండ్రులిద్దరూ బండెక్కి పోయే ఇళ్ళలో బిడ్డకు అన్నం పెట్టేది ఆ అవ్వే. మన దేశంలో అనుభవమున్న నిపుణులు ముందుగా ఇంటి పెద్దను పలకరించి, ఆ పెద్దరికాన్ని తోడు తెచ్చుకొనే పని నడుపుతారు.

ఇంత చెప్పిన తరువాత, ఫలితం ఎంత అని అడగటం న్యాయం. 2005లో సూ బ్రాటన్, మరికొందరు కలిసి ఆట చికిత్సపై అంతవరకు వచ్చిన 93 పరిశోధనలను ఒకచోట చేర్చి చూచినప్పుడు మేలు గట్టిగానే కనబడింది. తల్లిదండ్రులే నేర్చుకొని ఆడించినచోట మరింత ఎక్కువగా కనబడింది. 2015లో మరింత పట్టుగా ఏరిన 52 పరిశోధనలను చూచినప్పుడు మేలు మధ్యరకంగా తేలింది. కాబట్టి ఇది మంత్రం కాదు, మోసమూ కాదు. వారానికి ఒకసారి, ముప్పావు గంట చొప్పున నెలల తరబడి సాగే ఓపిక పని. నాలుగు వారాలు పోయి "ఊరకే ఆడిస్తున్నారు, దానికి ఫీజొకటి" అని మానేసేవారు చాలామంది. ఫీజు సంగతి వస్తే ప్రభుత్వ ఆస్పత్రులలో ఆ భారం తక్కువే. బండి ఛార్జీ, ఒక పూట కూలి, ఇవే అసలు ఖర్చు.

కొన్ని చోట్ల ఈ వైద్యం ఒంటరిగా చాలదు. చెవి వినబడని బిడ్డకు, ఆటిజం ఉన్న బిడ్డకు, మూర్ఛలు వచ్చే బిడ్డకు వేరే పరీక్షలు, వేరే శిక్షణ కావాలి. తండ్రి తాగుడుకు తండ్రికే చికిత్స జరగాలి. ఇంట్లో కొట్లాట చేయిచేసుకొనేదాకా పోతే, కొట్టేవాడిని, దెబ్బలు తినేవారిని ఒక గదిలో కూర్చోబెట్టి మాట్లాడించటం ప్రమాదం. ముందు ప్రాణరక్షణ చూడాలి. పిల్లల ఆపదకు 1098 అనే ఫోను నంబరు ఉన్నది. బోర్డు కట్టిన ప్రతివారూ నిపుణులు కారు గనుక, క్లినికల్ సైకాలజిస్టు అని చెప్పుకొనేవారిని పునరావాస మండలిలో నమోదు అయినదా అని అడగటానికి మొగమాటపడవద్దు.

ఇంట్లో మనము చేయగలదీ ఉన్నది. బెర్నార్డ్, లూయీస్ గర్నీ అనే దంపతులు 1960లలో తల్లిదండ్రులకే ఆట చికిత్స నేర్పే పద్ధతి మొదలుపెట్టారు. దానిని మన ఆదివారానికి అనువుగా తెచ్చుకోవచ్చు. వారానికి అరగంట, ఒకే వేళ, ఒక బిడ్డతోనే. ఒక బుట్టలో కొన్ని బొమ్మలు, లక్కపిడతలు, మన్ను, కాగితం. ఫోను మరొక గదిలో. బిడ్డ ఏది ఆడితే అదే ఆట. తండ్రి సలహా ఇవ్వడు, పాఠం చెప్పడు, గెలవడు. (బొమ్మల కొలువులో పెట్టి "ముట్టుకుంటే చేయి విరుగుతుంది" అనే బొమ్మలు ఈ బుట్టలోకి రావు, అవి అమ్మల ఆటవస్తువులు.) ఆ తరువాత బజారుకు తీసుకుపోయి మన ఊరి పానీపూరీ తినిపించటం మంచిదే గాని, అది ఈ అరగంటలో జమ కాదు.

రెండు మూడు నెలలైనా బిడ్డ మారకపోతే, లేక మొదటనే బాధ ఎక్కువగా ఉంటే, వైద్యుల దగ్గరకు పోవాలి. "పిచ్చాసుపత్రికి పోయినారు" అని నలుగురూ అంటారని జంకి, రెండేళ్ళు ఆగిపోయే ఇళ్ళు ఉన్నవి. ఏడేళ్ళ బిడ్డకు రెండేళ్ళంటే తెలివి వచ్చిన కాలంలో సగం. ముందుగా ఎవరితోనైనా మాట్లాడదలచినవారికి, 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ అనే ప్రభుత్వ సేవ ఉన్నది. నంబరు 14416, ఖర్చు లేదు, తెలుగులోనూ మాట్లాడతారు. కోలారులో జిల్లా ఆస్పత్రి ఉన్నది, టమకలో వైద్య కళాశాల ఆస్పత్రి ఉన్నది. అంతకు మించి కావలసివస్తే బెంగుళూరు, వేలూరు.

పోయేటప్పుడు బడి పుస్తకాలు, పాత మందుల చీటీలు తీసుకుపోండి. పిల్లవాడితో "డాక్టరు సూది వేస్తాడు" అని బెదిరించక, "బొమ్మలున్న గదికి పోతున్నాము" అని నిజం చెప్పండి. తల్లిని, బిడ్డను పంపి సరిపెట్టక నాయన కూడా ఒకనాడు సెలవు పెట్టాలి. ఆ రోజు బెంగుళూరు బండిలో ఇంటివారందరూ ఒకే పెట్టెలో కూర్చొని పోతారు. కిటికీ పక్క చోటు పిల్లవాడిది.